పోపుల డబ్బాకున్న గుట్టు

తెలుగు ఇళ్లలో ఆడవాళ్ల పొదుపుకు బ్యాంకు కంటే ముందే ఒక చోటు ఉండేది. పోపుల డబ్బా అడుగున, బియ్యం డబ్బాలో, పట్టుచీర మడతల్లో దాచిన నోట్లు ఎన్నో ఆ ఇల్లాలికి తప్ప మరొకరికి తెలిసేది కాదు. పిల్లల ఫీజుకో, పుట్టింటి అవసరానికో, మగాయనకు పని దొరకని నెలలోనో అవి బయటికొచ్చేవి. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించాక అలా దాచుకున్న డబ్బు చాలా ఇళ్లలో అందరి ముందూ లెక్కకు రావలసి వచ్చింది. మార్చుకున్న నోట్ల విలువ దక్కింది కానీ దాచుకున్న సంగతి బయటపడిపోయింది. మహిళలకు డిజిటల్ ఆర్థిక సేవలు అందించడం గురించి ప్రభుత్వాలు, బ్యాంకులు ఎంత మాట్లాడినా ఈ గుట్టు ఊసు ఎక్కువగా వినపడదు. నా మటుకు నాకు అసలు విషయం అదే. ఖాతా, కార్డు, యాప్ ఇచ్చారు, సంతోషం. పోపుల డబ్బా పాటి మరుగైనా అవి ఆమెకు ఇస్తున్నాయా?

ఖాతాల విషయంలో మన దేశం సాధించింది చిన్నదేమీ కాదు. ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే 2011లో లెక్క తీసినప్పుడు ఇక్కడ మగవాళ్లలో 44 శాతానికి, ఆడవాళ్లలో 26 శాతానికి ఖాతాలున్నాయి. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాల పథకం మొదలైంది, అందులో సగానికి పైగా ఖాతాలు మహిళలవే. 2021 సర్వే నాటికి ఇద్దరూ దాదాపు 78 శాతం దగ్గర సమానమయ్యారు. అదే ఏడాది పొరుగున బంగ్లాదేశ్‌లో ఆడామగా మధ్య తేడా 20 శాతం పాయింట్ల దాకా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో జన్‌ధన్ మహిళల ఖాతాల్లో నెలకు రూ.500 చొప్పున మూడు నెలలు వేయగలిగామంటే ఆ ఖాతాలు అప్పటికే ఉండబట్టే. అయితే 2021 సర్వేలోనే మరో అంకె ఉంది. మన దేశంలో ఖాతా ఉన్నవాళ్లలో 35 శాతం మంది ఏడాది పాటు దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. ఇలా వాడకుండా వదిలేయడం మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది.

దీనికి కారణాలు చాలా ఉన్నా, పెద్ద ముడి ఫోను దగ్గరే పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 81.8 శాతానికి తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉంది. తాము వాడుకునే మొబైల్ మాత్రం 48.9 శాతానికే ఉంది. తెలంగాణలో ఫోను లెక్క 60 శాతం. అంటే అప్పటికి ఆంధ్రాలో తక్కువలో తక్కువ దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఖాతా ఉండి ఫోను లేదు. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ యూపీఐ ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. ఖాతాకు జతచేసిన నంబరు సిమ్ ఏ ఫోనులో ఉంటే ఖాతా ఆ ఫోనులో తెరుచుకుంటుంది. డెబిట్ కార్డు వివరాలూ, ఆ నంబరుకు వచ్చే ఓటీపీ దగ్గరుంటే పిన్ పెట్టుకోవచ్చు. ఖాతా తెరిచిన రోజు ఫారంలో భర్త నంబరో కొడుకు నంబరో రాయించిన మహిళ ఖాతా కాగితం మీద ఆమెదే, నడిచేది మాత్రం అతని జేబులోంచి. ఉపాధి హామీ కూలి పడిందన్న మెసేజ్ అతనికే వస్తుంది. ఎండలో తవ్విన మట్టికి ఎంత పడిందో ఆమె అతన్ని అడిగి తెలుసుకోవాలి.

గుట్టుకు ఇంత విలువ ఎందుకివ్వాలంటే, దాని ఫలితం కొలిచి చూపిన పరిశోధనలు ఉన్నాయి. ఉగాండాలో బ్రాక్ సంస్థ నుంచి చిన్న వ్యాపారాలకు అప్పు తీసుకున్న మహిళల్లో కొందరికి సొమ్ము చేతికిచ్చారు, కొందరికి వాళ్ల సొంత మొబైల్ ఖాతాలో వేశారు. ఎమ్మా రైలీ అనే ఆర్థికవేత్త ఎనిమిది నెలల తర్వాత లెక్క చూస్తే రెండో జట్టు లాభం 15 శాతం ఎక్కువగా ఉంది, వ్యాపారంలో పెట్టుబడీ పెరిగింది. డబ్బు పంచమని ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేసే మహిళలకే ఎక్కువ మేలు జరిగింది. చేతిలో నోట్లు కనిపిస్తే బావగారికీ ఆడబిడ్డకీ సర్దాల్సి వస్తుంది, ఖాతాలో ఉంటే అదే డబ్బు సరుకుగా మారుతుంది. మన మధ్యప్రదేశ్‌లోనే రోహిణీ పాండే, మరికొందరు ఆర్థికవేత్తలు ఉపాధి కూలిని భర్త ఖాతాకు బదులు ఆమె ఖాతాలో వేయించి, ఖాతా వాడకం కూడా నేర్పించి చూశారు. ఆ మహిళలు మునుపటి కంటే ఎక్కువగా పనిలోకి వెళ్లారు, ఉపాధి పనికే కాదు, బయటి కూలికీ. ఉత్త ఖాతా తెరిచి వదిలేస్తే ఆ మార్పు రాలేదు.

సంసారంలో దాపరికం ఏమిటి, ఆలుమగల మధ్య నమ్మకం చెడదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో మంచి ఉద్దేశమే ఉంది కాబట్టి సూటిగానే చెబుతాను. జీతం ఖాతా వివరాలు ఇంట్లో చూపమని మగవాళ్లను ఎవరూ అడగరు. ఫిలిప్పీన్స్‌లో నవా అష్రాఫ్ చేసిన ప్రయోగంలో, ఇంటి పొదుపు భార్య చేతిలో ఉన్న భర్తలు తమ నిర్ణయం ఆమెకు తెలియదన్నప్పుడు డబ్బును సొంత ఖాతాలోకే మళ్లించుకున్నారు. దాచుకోవడం ఆడబుద్ధి అనుకోనక్కర్లేదు, చెయ్యి కింద ఉన్నవాళ్లెవరైనా చేసే పనే అది. పైగా ఆమె దాచింది చాలాసార్లు ఆ ఇంటికే ఆపదలో అక్కరకొస్తుంది.

డ్వాక్రా సంఘాలుండగా ఈ బెంగెందుకన్నది ఇంకో మాట. తొంభైల నాటి నెల్లూరు సారా వ్యతిరేక పోరాటం వెంట వచ్చిన పొదుపు ఉద్యమం నుంచి నేటి దాకా ఆ సంఘాలు చేసినదాన్ని తక్కువ చేయలేం. అయితే సంఘం పొదుపు పదిమంది ముందు జరిగేది. ఎవరికి ఎంత లోను వచ్చిందో వీధికంతా తెలుస్తుంది, ఆ సొమ్ము ఆమె పేరున వచ్చి ట్రాక్టరు కిస్తీకో ఎరువుల కొట్టుకో వెళ్లిపోతుంది, వాయిదా మాత్రం ఆమెది. సంఘం ఇచ్చే బలం సంఘానిది. దాని పక్కనే ఆమెకంటూ ఒక్కతికే తెలిసిన ఖాతా కూడా ఉండాలి.

మోసాల భయం వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులపై హైదరాబాద్‌లో వరసగా కేసులు నమోదయ్యాయి. ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీయడం వాళ్ల వసూలు పద్ధతి. పరువు భయం ఆడవాళ్లకు రెట్టింపు కాబట్టి దెబ్బా వాళ్లకే గట్టిగా తగిలింది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఫోనులోని నంబర్ల జోలికి వెళ్లరాదని నియమం తెచ్చింది, మంచి నియమం. కానీ ఫోను వాడకం కొడుకు చేతుల మీదుగా నేర్చుకుని, అనుమానం వస్తే అడగడానికి ఎవరూ లేని మహిళే మోసగాడికి సులువుగా దొరుకుతుంది. ఆమెను ఫోనుకు దూరంగా ఉంచితే ఆ అజ్ఞానం ఇంకా పెరుగుతుంది. ఊళ్లోనే బ్యాంకు తరఫున సేవలందించే బ్యాంకు మిత్రగా మరో మహిళ ఉంటే, నాట్లేసి గిన్నెలు తోమి అరిగిన వేలిముద్ర పడకపోతే మళ్లీ ప్రయత్నించే ఓపిక ఆ మిత్రకుంటే, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని తెలుగులో నాలుగుసార్లు చెబితే ఏ ప్రకటనా ఇవ్వలేని రక్షణ దొరుకుతుంది.

ఒకరి ఖాతా మీద మరొకరు చెల్లించే యూపీఐ సర్కిల్ 2024లో వచ్చింది. భర్త ఖాతా నుంచి భార్య కూరగాయలు కొనడానికి అది సౌకర్యమే, దాన్ని మహిళల డిజిటల్ ప్రవేశం కింద మాత్రం లెక్కవేయొద్దు. ముందు చేయాల్సింది ఇంతకంటే చిన్న పని. బ్యాంకు ఫారంలో మొబైల్ నంబరుకు ఒక గడి ఉంటుంది. అందులో ఎవరి నంబరు ఉందో ప్రతి సంఘం సమావేశంలో ఒక్కో సభ్యురాలినీ విడిగా, పక్కవాళ్లకు వినపడకుండా అడగాలి. మార్చుకుంటానన్న వాళ్లకు బ్యాంకు మిత్ర అక్కడికక్కడే మార్చి, మెసేజ్ ఆమె ఫోనుకు వచ్చిందో లేదో చూసి మరీ లేవాలి.