బాటపై పరాకు

మన భాషలో "పరాకు" అను మాటకు రెండర్థములు గలవు. ఏమరుపాటునకును అదియే పేరు. పూర్వము రాజులు వెడలునపుడు వందిమాగధులు జనులను హెచ్చరించుటకై వేయు కేకకును అదియే పేరు. అపాయమును, అపాయమును గూర్చిన హెచ్చరికయు నొక్క మాటలోనే యిమిడియుండుట విశేషము. నేడు మన బాటలపై మొదటి పరాకు ప్రబలినది. రెండవ పరాకు వినబడుట లేదు. ఎవరైన కేకవేసినను వినుటకు చెవులు ఖాళీగా లేవు. సెల్‌ఫోను చూచుచు నడచువారిని గూర్చియు, చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని సైకిలు త్రొక్కువారిని గూర్చియు మేము నేడు కొంత వ్రాయదలచితిమి.

ఇది పట్టణవాసుల వ్యసనమనియు, పల్లెలకు దీనితో పనిలేదనియు రాజధానిలోని మన విద్యావంతులు పెక్కురు తలచుచున్నారు. ఈ తలంపు సరికాదు. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో హోబళి కేంద్రమగు హచ్చొళ్ళిని తలచుకొందము. 1953వ సంవత్సరమున ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, సిరుగుప్ప మైసూరునకును పోయినవి. గీత గీచినంత మాత్రమున రాకపోకలు నిలిచిపోలేదు. ఈ సరిహద్దున నేటికిని కన్నడమును తెలుగును ఒక్క నోటనే పలుకుచున్నవి. తుంగభద్ర కాలువనీటితో వరి పండు నేల యిది. కోతలనాట ధాన్యపు లారీలును, గడ్డి నింపుకొని బాట నిండ వచ్చు ట్రాక్టరులును, ఎడ్లబండ్లును, కలుపునకు పోవు స్త్రీలును, బడికి పోవు బాలురును ఇట్టి యూళ్ళలో నొక్క దారినే పంచుకొనవలసియున్నది. కాలిబాట యనునది పల్లెరోడ్లకు లేదు. తారు ముగిసినచోట ముండ్లకంపయో, కాలువగట్టో మొదలగును. పట్టణమున పరాకుగా నడచువానికి ఒక మెట్టు ఎత్తున నున్న కాలిబాటయైన నడ్డముగలదు. పల్లెలో వానికి తన జాగ్రత్త తప్ప వేరు రక్ష లేదు.

ఇక్కడ నొక సంగతి గమనింపదగియున్నది. సైకిలునకు సాధారణముగా వెనుక చూపు అద్దముండదు. నడచువానికి వీపున కన్నులు లేవు. వీరిరువురకును చెవియే వెనుకచూపు. వచ్చునది లారీయా, ట్రాక్టరా, ఎంత దూరమున నున్నది, ఎంత వడిగా వచ్చుచున్నది యను లెక్కను పల్లెవాడు తల త్రిప్పకయే చెవితో గట్టును. ఆ చెవిని పాటతో మూసికొన్నవాడు వెనుక కన్ను తానే పొడుచుకొన్నవాడగును. పైగా నేడు విద్యుత్తుతో నడచు బండ్లు చప్పుడు చేయకయే వచ్చుచున్నవి. తెరచిన చెవికే యవి చాలీచాలక వినబడుచుండగా మూసిన చెవికి వినబడుట యెట్లు?

కంటి మాట చూతము. గంటకు 60 కిలోమీటర్ల వడితో వచ్చు వాహనము 3 సెకనులలో 50 మీటర్లు సాగును. 15 కిలోమీటర్ల వడిని పోవు సైకిలు ఆ 3 సెకనులలోనే పండ్రెండున్నర మీటర్లు సాగును. వచ్చిన సందేశమును విప్పి చదువుటకు 3 సెకనులు చాలవు. ఈ వ్యవధిలో ఎదుట గుంతయుండవచ్చును, గొఱ్ఱె యడ్డము రావచ్చును, ఆరబోసిన వడ్లచుట్టు పెట్టిన రాళ్ళుండవచ్చును.

కన్ను దారిమీదనే యున్నది, మాటలాడుచుంటిమే కాని చూపు మరల్పలేదు గదా యని కొందరు వాదింతురు. అమెరికాలోని వెస్టరన్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు జరిపి 2010లో ప్రకటించిన యొక పరిశీలన దీనికి సమాధానము చెప్పుచున్నది. వారు విదూషక వేషము వేసినవానిని ఒంటిచక్రపు సైకిలెక్కించి జనులు నడచు బాటప్రక్కన త్రిప్పిరి. సెల్‌ఫోనులో మాటలాడుచు పోయినవారిలో నలువురకొక్కడు మాత్రమే యా వింతను గమనించెను. ఫోను లేక ఒంటరిగా పోయినవారిలో సగమునకు పైగా గమనించిరి. కన్ను తెరచియున్నంత మాత్రమున చూచినట్లు కాదు; మనస్సు వెంటనుండవలయును. విదూషకుని చూడనివాడు లారీని చూచునని నమ్ముటెట్లు?

చట్టమేమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము, చేత ఫోను పట్టుకొని మోటారు వాహనము నడపుట ప్రమాదకరమైన నడకలో చేరి శిక్షార్హమగును. ఈ నిబంధన సైకిలునకు వర్తింపదు. కాని 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 281వ సెక్షను, బహిరంగమార్గమున ప్రాణాపాయము కలుగునట్లు అజాగ్రత్తగా ఏ వాహనమును నడపినను శిక్ష విధించుచున్నది; సైకిలు దీనికి వెలి కాదు. నడచువాని పరాకును గూర్చి మన చట్టమునకు ప్రత్యేకమైన పలుకు లేదు. విదేశములలో నిది మొదలైనది. హవాయిలోని హొనొలులు నగరము, ఫోను చూచుచు రోడ్డు దాటువారికి 2017లో జుల్మానా పెట్టినది. జపానులోని యమాటో నగరము 2020లో నడచుచు ఫోను చూడరాదని శాసించి, శిక్ష మాత్రము పెట్టలేదు. నెదర్లాండ్సు 2019లో సైకిలువారికి ఫోనును నిషేధించినది. జపాను 2024లో సైకిలువారిపై కారాగారశిక్ష వఱకును విధింపవీలగు చట్టము తెచ్చినది.

మనమును ఇట్టి శాసనమును కోరవలయునా? సైకిలు త్రొక్కుచు ఫోను పట్టుట నిషేధించిన మాకభ్యంతరము లేదు. దీపములేని సైకిలును పోలీసులు పట్టుకొను దినములను మన పెద్దలెఱుగుదురు. చట్టము సైకిలును మన్నించుట క్రొత్తదే కాని పాతది కాదు. నడచువానిపై జుల్మానా వేయుటను మాత్రము మేమంగీకరింపజాలము. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో సుమారు అయిదవవంతు కాలినడకవారే. వీరందఱును ఫోను చూచుచు చచ్చినవారని యెవరును చెప్పజాలరు. వీరికి నడచుటకు చోటు లేకపోవుటయే పెక్కుచోట్ల మూలకారణము. నిరాటంకమైన కాలిబాట, జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. ఇయ్యవలసిన బాటను ఇయ్యక, లేని బాటపై నడచుటలో తప్పెన్నుట ప్రభుత్వమునకు తగదు.

న్యాయవాదులకు తెలిసిన రెండు పాత తీర్పులు ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనదగినవి. 1809 నాటి బటర్‌ఫీల్డు వ్యాజ్యములో, దారికడ్డముగా నొకడు దూలము పెట్టినను, గుఱ్ఱమును విచ్చలవిడిగా తోలి దానిని గ్రుద్దుకొన్నవానికి ఇంగ్లీషు న్యాయస్థానము పరిహారమీయలేదు. తన జాగ్రత్త తాను తీసికొనని వానిది తప్పేయని దాని సారము. 1842 నాటి డేవిస్ వ్యాజ్యములో, ముందరికాళ్ళు బంధించి బాటపై విడిచిన గాడిదను బండి త్రొక్కి చంపగా, గాడిదను విడుచుట తప్పయినను, చూచి తప్పింపగలిగిన బండివాడే బాధ్యుడని తేల్చిరి. రెండును నిజములే. బాటపై నున్నవాడు మెలకువగా నుండవలయును. ఐనను వాని పరాకు బండి తోలువానికి విడుదలపత్రము కారాదు. పరిహారపు కోర్టులలో "చచ్చినవాడు ఫోనులో మాటలాడుచుండెను" అను వాదము నెగ్గినచో, వానికి దక్కవలసిన సొమ్ము తప్పు పాలును బట్టి తగ్గును. పోయినవాడు సాక్ష్యము చెప్పలేడు. తగ్గిన సొమ్ము తగిలినది మాత్రము వాని భార్యాబిడ్డలకు. మూడు సెకనుల పరాకు ప్రాణముతో ముగియక, యింటి యన్నమువఱకు పోవుచున్నది.

ఇంతవఱకు నడచువానిని గూర్చి చెప్పితిమి. ఫోనునకు రెండు చివరలున్నవన్న సంగతి మఱువరాదు. హచ్చొళ్ళివంటి యూరిలో పొలమునుండి మరలివచ్చు తండ్రికో, సైకిలుపై పోవు తమ్మునికో సంధ్యవేళ ఫోను చేయువారెవరు? రాజధానిలో పని ముగించుకొని తీరిక చిక్కిన మనమే. మన తీరిక సమయమే వారు దారిలో నుండు సమయము. ఆ పిలుపు ప్రేమతో చేసినదే. కాని తండ్రి నడక ఆపడు. ఆపి మాటలాడుట కొడుకును కాచుకొనజేయుటయని తలచి, మాటలాడుచునే నడచును. ఈ పరాకులో సగము మనది కాదా? తప్పు ఫోనెత్తినవానిదే యనుట మనకు సుఖము; అది న్యాయము కాదు.

కావున మేము కోరునది యిది. ఫోను చేయగనే "బాగున్నావా" యని యడుగుటకు ముందు "దారిలో నున్నావా, ఇంటనున్నావా" యని యడుగుడు. దారిలో నున్నాననినచో "ఇల్లు చేరి చేయుము" అని పెట్టివేయుడు. దీనికి చట్టము వలదు, ఖర్చు లేదు. నడచువారు మాటలాడక తీరదన్నచో బాట దిగి నిలుచుండి మాటలాడవలయును. కాలిబాట లేనిచోట కుడిప్రక్కన, ఎదుట వచ్చు బండ్లను చూచుచు నడువవలయును. సైకిలెక్కినవారు రెండు చెవులను బాటకే వదలవలయును. బడులలో ఉపాధ్యాయులు సైకిలుపై వచ్చు పిల్లలకు ఈ మాట ఏటేట పాఠశాలలు తెరచునాడు చెప్పవలయును. పంచాయతీలు వడ్లకు కల్లములు చూపి, రోడ్డు నారబోతకు విడువకుండ చూడవలయును. ప్రభుత్వము ఊరు దాటువఱకైనను అంచున నడకబాట వేయవలయును.

పూర్వము బహుపరాకని కేకవేయుటకు రాజునకు వందిమాగధులుండిరి. బాటసారికి అట్టివారు లేరు. వాని మేలు కోరువారమని చెప్పుకొను మనమే యా కేక వేయవలయును. ఒక్కొక్కప్పుడు ఫోను పెట్టివేయుటయే యా కేక.