కప్పు వచ్చాకే చప్పట్లా?

ప్రపంచ కప్పు అనగానే మనకు 1983 లార్డ్స్ జ్ఞాపకం వస్తుంది. కాని మహిళల ప్రపంచ కప్పు 1973లోనే, అంటే మగవాళ్ల కప్పుకు రెండేళ్ల ముందే మొదలైందని మనలో ఎందరికి తెలుసు?

1978లో ఆ పోటీలు మన దేశంలోనే జరిగాయి. ఆస్ట్రేలియా కప్పు గెలిచిన ఆఖరి ఆట మన హైదరాబాదులోనే. మనవాళ్లు ఆడిన మూడూ ఓడిపోయారు. 2005లో ఫైనల్ చేరి ఆస్ట్రేలియా చేతిలో ఓడారు. 2017లో మళ్లీ ఫైనల్. ఇంగ్లాండుతో 9 పరుగుల్లో పోయింది. రెండుసార్లూ కెప్టెన్ హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజే. చివరకు 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి కప్పు తెచ్చారు. ఆ జట్టులో మన కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది.

1978 నుంచి లెక్కేస్తే 47 ఏళ్లు! మాది సేద్యపు కుటుంబం. రెండేళ్లు వరసగా పంట పోయినా మూడో ఏడు మా నాన్న విత్తనం చల్లక మానడు. ఆడపిల్లల ఆట దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఏమవుతుందో! మా చెల్లెలు కళ్లంలో నాకు బంతులు వేసేది. సగంసార్లు నన్ను అవుట్ చేసేది. పదో తరగతి కాగానే "ఆటలు ఇంక చాల్లేవే" అన్నారు ఇంట్లో. నేనూ నోరెత్తలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

కప్పు వచ్చాక చప్పట్లు కొట్టడం సులువు. మన గ్రౌండులో వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లల జట్టుకు ఇవ్వాలని నా మనవి. మొదట్లో ఓడితే ఓడనివ్వండి. విత్తందే పంట రాదు కదా!