మూడు జిల్లాల కాలువకు జవాబు చెప్పేదెవరు?

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా విడిపోయి నంద్యాల జిల్లా వచ్చింది. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, చాగలమర్రి రైతులకు కలెక్టరాఫీసు దగ్గరైంది. సంతోషమే. ఒక అర్జీ ఇవ్వడానికి కర్నూలు దాకా పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే బాధ తప్పింది. అయితే జిల్లా గీత గీసినవాళ్లు కేసీ కాలువను చూసి గీయలేదు. కాలువ తల సుంకేసుల కర్నూలు జిల్లాలో ఉండిపోయింది. నడుము మన జిల్లాలో ఉంది. తోక కడప జిల్లాలో ఉంది. ముగ్గురు కలెక్టర్లు, మూడు సాగునీటి సలహా మండళ్లు. నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎన్ని రోజులు ఇస్తారు, రెండో పంటకు ఉంటాయా అని అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తున్నారు.

ఇది ఆఫీసుల తగాదా అని కొట్టిపారేయకండి. సోనా రకం వరి ఐదు నెలల పంట. ఆగస్టులో నాటితే సంక్రాంతి ముందు దాకా తడి కావాలి. నారు పోసే నాటికే నీటి మాట తెలియకపోతే, గుత్త డబ్బు ముందే కట్టిన కౌలు రైతు ఏం చేయాలి? బోరున్నవాడు ఎట్లనో గట్టెక్కుతాడు. లేనివాడి నారు మడిలోనే ముదురుతుంది.

గీతలు మారడం మనకు కొత్త కాదు. 1800లో నిజాం మన సీమను ఇంగ్లీషు వాళ్లకు అప్పగించాడు. అందుకే దత్త మండలాలు అన్నారు. కానీ నంద్యాల, సిరివెళ్ల ప్రాంతాలు అప్పుడు కర్నూలు నవాబు కిందే ఉండిపోయాయి. 1839లో నవాబును దించి వాటినీ కలుపుకున్నారు. కోవెలకుంట్ల మాత్రం ముందు నుంచీ కడప జిల్లా లెక్కలో ఉండేది. రేనాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడింది అక్కడి కంపెనీ ఖజానా మీదనే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీశారు. 1858లో అటూ ఇటూ తాలూకాలను చేర్చి కర్నూలు జిల్లా చేశారు. బనగానపల్లె నవాబు సంస్థానం 1948 దాకా వేరుగానే ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు నల్లమల అవతలి మార్కాపురం, గిద్దలూరు వైపు పోయాయి. ఇన్నిసార్లు గీత జరిగింది.

జరగనిది ఒకటుంది. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో నల్లరేగడి లోయ. ఆ లోయకు వెన్నుపూస కుందూ. ఎర్రమలలో పుట్టి నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. నల్లమల నుంచి దిగే గాలేరు, ఆళ్లగడ్డ వక్కిలేరు దాంట్లోకే చేరతాయి. ఉత్తరాన ఆత్మకూరు వైపు భవనాశి మాత్రం ఎదురు తిరిగి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే మన జిల్లా ఒక చెయ్యి కృష్ణలో, ఒక చెయ్యి పెన్నలో పెట్టి కూర్చుంది. కృష్ణ నీళ్లను పెన్న వైపు తిప్పాలనుకున్న ప్రతి ఇంజనీరూ మన లోయ వైపే చూసింది అందుకే. మన మంచికీ చెడ్డకూ ఈ భూగోళమే మూలం. మన పిల్లలకు బడిలో ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెబుతారు, సుంకేసుల గురించి చెప్పరు. అది వేరే కథ.

కేసీ కాలువ పుట్టుక చూడండి. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు సర్కారు డబ్బుతో కట్టారు. అదే కాటన్ దొర ఆలోచనలో నుంచి వచ్చిన మన కాలువను మాత్రం లండన్ వాటాదారుల కంపెనీకి అప్పజెప్పారు. దాని పేరు మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి 5 చొప్పున వడ్డీకి సర్కారు పూచీ పడింది. లాభమొచ్చినా నష్టమొచ్చినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది. ఇక కాలువ ఎట్లా కడితేనేం? 1863 నుంచి 1870 దాకా తవ్వారు. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు. పడవలు నడుపుతామన్నారు, పొలాలు తడుపుతామన్నారు. గట్లు కారాయి, నీటి తీరువ బరువైంది. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి వేసుకునే రైతు వాన కురిసిన ఏడు ఆ నీళ్ల జోలికి పోలేదు. తీరా 1876లో ధాత కరువు వచ్చింది. పక్కనే కాలువ ఉండి కూడా కర్నూలు జిల్లా జనం రమారమి నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చినవాళ్లు చచ్చారు, బతికినవాళ్లు వలస పోయారు. అంతకు పదేళ్ల ముందు కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి సొంత గాదెలు తెరిచి వేలమందికి కడుపు నింపాడని సీమంతా చెప్పుకుంటుంది. ధాత కరువుకు అట్లాంటి చేతులు చాలలేదు. చివరికి 1882లో సర్కారే కంపెనీ నుంచి కాలువను కొనేసింది. వడ్డీ తిన్నవాళ్లు లండన్‌లో బాగానే ఉన్నారు.

ఈ పాత సంగతి ఎందుకంటారా? కాలువ ఎవరికి జవాబుదారీగా ఉందనేదే అప్పుడూ ప్రశ్న, ఇప్పుడూ ప్రశ్న.

మన సీమకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నది 1928 నవంబరులో, నంద్యాలలోనే. చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు సూచించారు. పేరు మనూళ్లో పుట్టింది, నీళ్లు మాత్రం మనూరి మీదుగా పోయాయి. 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు చోటు అని దాంట్లో ఉంది. 1951లో కృష్ణా-పెన్నా ప్రాజెక్టు అనుకుని సిద్ధేశ్వరం దగ్గర కట్టాలన్నారు. మరుసటేడు ఖోస్లా కమిటీ వచ్చాక మొగ్గు నందికొండ వైపు పోయింది. అదే నాగార్జునసాగర్ అయింది. తర్వాత శ్రీశైలం కట్టారు. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఊళ్లు మునిగాయి. మునిగింది మనం, కరెంటూ నీళ్లూ ముందు వాడుకునేది కిందివాళ్లు. 1996 జూన్‌లో వచ్చిన 69 నంబరు జీవోతో శ్రీశైలం కనీస నీటిమట్టాన్ని 854 అడుగుల నుంచి 834కు దించారు. పోతిరెడ్డిపాడు తూము అడుగే 841. లెక్క మీరే వేసుకోండి.

పోతిరెడ్డిపాడు నుంచి బనకచెర్లకు వచ్చే నీళ్లు అక్కడ చీలి తెలుగుగంగలోకి, ఎస్సార్బీసీలోకి, నిప్పులవాగులోకి పోతాయి. వెలుగోడు నిండాలి, గోరకల్లు నిండాలి, అవుకు నిండాలి, కడప బ్రహ్మంసాగర్ నిండాలి, మద్రాసుకు తాగునీరు పోవాలి. మద్రాసు వాళ్లు తాగే నీళ్లకు అడ్డం చెప్పే మనుషులం కాదు మనం. కడప రైతు మనకు పరాయివాడూ కాదు, ఒకే కాలువ బిడ్డలం. నా అభ్యంతరం ఒక్కటే. ఈ దారి పొడవునా అందరి లెక్కా టీఎంసీల్లో రాసి ఉంటుంది. అన్నిటికన్నా పాత హక్కున్న కేసీ ఆయకట్టు లెక్క మాత్రం ఏ ఏటికా ఏడు మాట మీద నడుస్తుంది.

హక్కు ఏమిటో ప్రతి రైతూ నోటికి నేర్చుకోవాలి. బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు 39.9 టీఎంసీలు నికర జలాలుగా రాసింది. అందులో 10 టీఎంసీలు తుంగభద్ర డ్యాం నుంచి వదలాలి. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. అందులో కడప పోగా మూడింట రెండు వంతులు మన పాత ఉమ్మడి జిల్లాది, ఎక్కువ భాగం ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. ఆ డ్యాంలో కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పడి ఇప్పుడు 105 చిల్లర. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయింది. డెబ్బై ఏళ్ల డ్యాం గేట్ల సంగతి అప్పుడుగానీ పెద్దలకు గుర్తుకు రాలేదు. డ్యాం దగ్గరున్న మన 10 టీఎంసీలను అనంతపురం వైపు పీఏబీఆర్‌కు వాడుకుని, బదులు శ్రీశైలం నుంచి ఇస్తామన్నారు. అనంతపురం గొంతు తడవాలి, ఒప్పుకున్నాం. మరి బదులు ఎంత వచ్చింది? ముచ్చుమర్రి ఎత్తిపోతల నుంచి ఎంత, పోతిరెడ్డిపాడు నుంచి నిప్పులవాగులోకి ఎంత? ఆ నీళ్లు పడే చోటికి ఎగువనున్న ఆయకట్టుకు ఆ బదులు ఎట్లా ఎక్కుతుంది? కిందికి పారే కాలువలో నీళ్లు వెనక్కి నడవవు గదా. ఈ ప్రశ్న సలహా మండలిలో అడిగితే తలకాయలు ఊపుతారు, మినిట్స్‌లో రాయరు.

కుందూ సంగతి ఇంకా అన్యాయం. వేసవిలో అది నంద్యాల పట్నం మురికి కాలువ. వానాకాలం శ్రీశైలం వరద మోసే దారి. నది అని ఎవరూ అనరు. 2019 సెప్టెంబరులో వానలకు మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి, లోయలో పైర్లు నీట మునిగాయి. గాలేరు, కుందూ గట్ల మీది రైతుకు వరదొస్తే నష్టం, వరద రాకపోతే ఎండు. అదే ఏడు డిసెంబరులో రాజోలి, జొలదరాశి దగ్గర జలాశయాలకు శంకుస్థాపన చేశారు. శిలాఫలకం నిలిచింది, నీళ్లు నిలవలేదు. ఆ మధ్య గోదావరి నీళ్లు బనకచెర్లకు తెస్తామన్నారు. వస్తే కాదనం. 80 వేల కోట్లకు పైబడిన ఆ మాట తేలేలోపు, ఉన్న కాలువకు ఉన్న వాటా ఇవ్వడానికి ఏ కోట్లూ అక్కర్లేదు. జమాఖర్చుల పుస్తకం ఒకటి చాలు.

అందుకే నా వాదన ఇది. జిల్లాను మళ్లీ కలపమని అడగడం వృథా. కాలువను ఒక ముక్కగా చూడమని అడగాలి. సుంకేసుల నుంచి కడప దాకా కేసీ కాలువకు ఒకే సలహా మండలి ఉండాలి. దాంట్లో మూడు జిల్లాల నీటి సంఘాల అధ్యక్షులు కూర్చోవాలి. మే నెలాఖరుకే ఆ ఏటి నీటి పట్టిక తెలుగులో అచ్చేసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి. సుంకేసుల దగ్గర తీసుకున్నది, శ్రీశైలం నుంచి బదులుగా వచ్చినది, కడపకు దాటించినది వేరువేరుగా వారం వారం చూపాలి. ఎగువ ఆయకట్టును కాపాడాలంటే సుంకేసులకు పైన గుండ్రేవుల కట్టాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాం. సిద్ధేశ్వరం దగ్గర వట్టి తీగల వంతెన కాదు, దానికింద అలుగు కావాలని 2016 మే 31న వేలమందిమి పోలీసుల్ని దాటుకుని పోయి అడిగాం. అవి పెద్ద పనులు, వాటికి టైము పడుతుంది. పట్టిక అంటించడానికి మాత్రం ఒక మైదాపిండి డబ్బా చాలు.

కొందరు మనవాళ్లే అంటారు, కాలువ సగం తెలుగుగంగ రైతులది, సగం మనది, కొట్లాడితే మనలో మనకే తగువని. నేను ఒప్పుకోను. లెక్క చాటున ఉన్నన్నాళ్లే తగువు. తోకలో చాగలమర్రి రైతు తలలో రైతును దొంగ అంటాడు, తలలో రైతు శ్రీశైలాన్ని తిడతాడు. అంకె గోడ మీద ఉంటే ఎవరి వాటా ఎక్కడ ఆగిందో ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టి చూపగలరు.

2024 డిసెంబరులో నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. చాలాచోట్ల ఏకగ్రీవం అన్నారు, అది ఎట్లా అయిందో ఊరూరా తెలుసు. అయినా సరే, 1997 చట్టం ఆ సంఘానికి నీటి పంపిణీ ప్రణాళిక వేసే అధికారం ఇచ్చింది. అధ్యక్షుడు ఏ పార్టీ మనిషైనా ఆయన చేలోకి వచ్చేదీ అదే కాలువ నీళ్లు. వచ్చే సలహా మండలి సమావేశానికి ముందే ప్రతి సంఘం సర్వసభ్య సమావేశం పెట్టించి, పై నాలుగు మాటల మీద తీర్మానం రాయించండి. ఒక కాపీ కలెక్టరుకు, ఒకటి ఎస్ఈకి, ఒకటి మన సంఘం నంద్యాల ఆఫీసుకు. ముద్ర వేయించుకున్న రశీదు మరిచిపోవద్దు.