కత్తి ఎవరి చేతిలో?

సనత్‌నగర్ నుంచి కాలేజీకి వచ్చే దారిలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర హిజ్రాలు చప్పట్లు కొడుతూ రాగానే కార్లవాళ్లు అద్దాలెత్తేస్తారు. ఆటోల్లోవాళ్లు పది రూపాయలు పారేసి నవ్వుకుంటారు. మొన్న బస్సులో మనవాడొకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి "ఆపరేషన్ అయిందంటావా, కాలేదంటావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఆ నవ్వే నాచేత యీ వ్యాసం రాయిస్తోంది.

ఆ ఆపరేషన్ గురించి మనకు తెలిసిందెంత? ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. చదివి తెలుసుకున్నది చెబుతాను.

హిజ్రాలు దాన్ని నిర్వాణం అంటారు. పూర్వం దాయమ్మ చేసేది. దాయమ్మంటే డాక్టరు కాదు, చేతివాటం తెలిసిన మరో హిజ్రా. మత్తుమందు లేదు. బహుచరా మాతను తలచుకుని ఒక్క వేటుతో అంగాన్నీ వృషణాలనూ తీసేసేది. మూత్రద్వారం పూడిపోకుండా పుల్ల పెట్టేవారు. రక్తాన్ని వెంటనే ఆపేవారు కాదు. అది పోతేనే మగతనం పోతుందని నమ్మకం. తర్వాత వేడినూనె, మూలికలు, అద్దం చూడకుండా నలభై రోజులు గదిలో. బతికితే నలభయ్యో రోజు పసుపు, కొత్త చీర, పండగ. బతక్కపోతే? ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంత ఘోరమా, ఆసుపత్రికి పోవచ్చుగా అంటారు. పోనిచ్చిందెవరండీ? 1919లో, అంటే ఫసలీ 1329లో, నిజాం ప్రభుత్వం హిజ్రాలపై ఒక చట్టం చేసింది. పేర్లు రిజిస్టరుకెక్కించాలి. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకుని రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. ఆ కోత కోసినవాళ్లకూ, తనకు తాను కోసుకున్నవాళ్లకూ, సమ్మతి వున్నా సరే, ఏడేళ్ల దాకా శిక్ష. నిజాం రాజ్యం పోయింది, చట్టం పోలేదు. 'తెలంగాణ ప్రాంత' చట్టమన్న పేరుతో పుస్తకాల్లో పడివుండి, చివరికి 2023 జూలైలో హైకోర్టు కొట్టేస్తే పోయింది. అటు 1860 నాటి శిక్షాస్మృతిలో తీవ్రగాయాల పట్టికలో మొట్టమొదటిదీ యిదే. ఇక ఏ డాక్టరు ధైర్యం చేస్తాడు? రక్తం కారుతున్న మనిషి ఏ ఆసుపత్రి గుమ్మమెక్కి ఏమని చెప్పుకుంటుంది?

తర్వాత తర్వాత చాటుగా చేసే ప్రైవేటు డాక్టర్లు వచ్చారు. తమిళ రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ చదవండి. ఆమె నిర్వాణం కోసం రైలెక్కి వచ్చింది మన కడపకే. మెలకువగా వుండగానే కోత, కోలుకోకముందే తిరుగు రైలు. తీసెయ్యడమే తప్ప కొత్తగా నిర్మించే మాట లేదు.

చెయ్యడం లోకానికి రాక కాదు. బెర్లిన్‌లో 1931 నాటికే డోరా రిక్టర్‌కు స్త్రీ అవయవ నిర్మాణం చేశారు. రెండేళ్లకు నాజీలు ఆ సంస్థనే ధ్వంసం చేశారు. 1956లో కాసాబ్లాంకాలో బురూ అనే డాక్టరు మెరుగైన పద్ధతి కనిపెట్టాడు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ 1966లో క్లినిక్ తెరిచి 1979లో మూసేసింది. ఆ దేశాల్లోనూ డాక్టర్లదే పెత్తనం: ముందు ఆడదానిలా బతికి చూపించు, మేం నమ్మితే అప్పుడు చూద్దాం! స్వీడన్ 1972లో చట్టబద్ధంగా గుర్తించింది గానీ సంతానశక్తి వదులుకోవాలని షరతు పెట్టింది. అది 2013 దాకా నడిచింది.

కాబట్టి దాయమ్మను ఖూనీకోరు అంటే నేనొప్పుకోను. ఆసుపత్రి తలుపు మూసినవాళ్లే ఆమె చేతికి కత్తి అందించారు. అలాగని ఆమెను దేవతను చెయ్యడమూ నాకిష్టం లేదు. దాయమ్మ చేతి నిర్వాణానికే పరువెక్కువ అన్న మాట విని ఎందరు పసివాళ్లు ఆ గదిలోకి నడిచారో!

బస్సులో మనవాడి ప్రశ్నకు జవాబు కూడా వుంది. ఆపరేషన్ అయితేనే గుర్తిస్తామనడం చెల్లదని 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జడ్జీలే అడగొద్దన్నది మనమెవరం అడగడానికి?

ఇంటర్లో నా పక్కన కూర్చున్న ఒకడు, కాదు, ఒకతె అనాలి, లెక్కల్లో నాకంటే గట్టిది. ఒక లెక్చరరుగారు ఆమె నడకను అనుకరించి క్లాసంతా నవ్వించారు. రెండో ఏడు మధ్యలో మానేసింది. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ అనే యిద్దరు ట్రాన్స్ మహిళలు ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్లుగా చేరారన్న వార్త చదివినప్పుడు ఆమే గుర్తొచ్చింది. ఇప్పుడు సిగ్నల్ దగ్గర చప్పట్లు వినిపిస్తే తలతిప్పి మొహాలు చూస్తున్నాను, ఆమె వుందేమోనని.