తాళంచెవి ఎవరి దగ్గరుంది?

"ఆడవాళ్ళకి వేదికలు లేవనే మాట ఇప్పుడు చెల్లదమ్మా. చేతిలో సెల్‌ఫోన్ ఉంటే చాలు, అందరూ రచయిత్రులే, అందరూ ఆర్టిస్టులే!"

ఈ మాట ఈ పదేళ్ళలో ఎన్ని సభల్లో విన్నానో లెక్కలేదు. చాలాసార్లు సభాధ్యక్షులే అంటారు. అన్నాక ఒక చిరునవ్వు నవ్వుతారు. ఆ నవ్వుకి రెండర్థాలు. మీరు అడగాల్సింది ఇంకేమీ మిగల్లేదు, ఊరుకోండి అని ఒకటి. మీరు రాసేదంతా లైకుల సాహిత్యం అని రెండోది. స్వేచ్ఛ వచ్చేసిందనీ, ఆ స్వేచ్ఛతో మీరు చేసింది పనికిరానిదనీ ఒకే నోటితో అనగలగడం మన సాహితీలోకానికి బాగా చేతనైన విద్య.

వేదిక దొరికిందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదని నేనంటాను. ఆ వేదిక ఉన్న ఇల్లు ఎవరిది, తాళంచెవి ఎవరి దగ్గరుంది, అర్ధరాత్రి తలుపు వేసేస్తే మన సామాను ఎక్కడ పడుతుంది అన్నదే ప్రశ్న.

నేనుండేది గౌలిగూడలో. ఈ నగరపు తెలుగు సాహిత్య చరిత్రలో చాలాభాగం మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. సుల్తాన్‌బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు. కొత్తగా రాసే కుర్రవాడికి ఒకప్పుడు ఈ కాస్త దూరమే సోషల్ నెట్‌వర్క్. లైబ్రరీలో పత్రిక తిరగేస్తూ పక్కవాడితో మాట కలిపేవాడు. ఆ పక్కవాడు సంపాదకుడికి పరిచయం చేసేవాడు. ఇరానీ హోటల్లో కవిత వినిపించి, వచ్చేనెల అచ్చులో చూసుకునేవాడు. దీన్ని ఎవరూ నెట్‌వర్క్ అనలేదు. ప్రతిభ అన్నారు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాల్సిన పిల్లకి ఆ ప్రతిభ ఎక్కడి నుంచి వస్తుంది? భాషానిలయానికి సొంత ఇల్లు ఏర్పడడానికి విరాళమిచ్చిన వాళ్ళలో రావిచెట్టు లక్ష్మీనరసమ్మ ఉన్నారు. ఇల్లు కట్టడానికి ఆడవాళ్ళ డబ్బు పనికొచ్చింది. ఆ ఇంట్లో సాయంత్రాలు కూర్చుని చదువుకునే వెసులుబాటు మాత్రం ఎందరు ఆడవాళ్ళకుండేది? అందుకే 1930లలో ఇల్లిందల సరస్వతీదేవి వంటివాళ్ళు ఇదే నగరంలో ఆంధ్ర యువతీమండలిని పెట్టుకోవాల్సి వచ్చింది. కుట్టుపని, హిందీ పాఠాలు అని పైకి కనిపించినా, అది ఒకరి మాట ఒకరు వినే చోటు.

చోటు లేనివాళ్ళకి జాబితా ఎంత బలమో తెలియాలంటే 1934 నాటి గోలకొండ కవుల సంచికను తలుచుకోవాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకి సురవరం ప్రతాపరెడ్డిగారు వాదనతో జవాబు చెప్పలేదు. ఊరూరి నుంచీ వివరాలు, పద్యాలు తెప్పించి 354 మంది కవులను అచ్చులో నిలబెట్టారు. స్త్రీలకు సంబంధించి అదే పని స్త్రీలే చేసుకున్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చేదాకా స్త్రీవాద కవిత్వమంటే వారపత్రికల్లో చెదిరి ఉన్న పేజీలు, దాని మీద విసిరిన ‘నీలికవిత్వం’ అన్న తిట్టు. ఆ కవితలన్నీ ఒకచోట చేరాక తిట్టు పలచబడింది, కవిత్వం నిలబడింది. ఆ కూడికలోనూ కనబడనివాళ్ళెవరని దళిత స్త్రీలు అడిగారు. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను వెతికి గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చారు. ఇవన్నీ నెట్‌వర్కులే. వాటికి యజమానులు లేరు, పనిచేసినవాళ్ళున్నారు.

ఇక ఇంటర్నెట్ సంగతి. అది ఇచ్చినదాన్ని నేను తక్కువ చేయను. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన కవిసంగమం ఎంతోమంది కొత్త కవులకి మొదటి పాఠకుల్ని ఇచ్చింది. అది తెరమీదే ఆగిపోకుండా లామకాన్‌లో మనుషుల్ని ముఖాముఖి కూర్చోబెట్టింది. 2011లో మొదలైన ‘విహంగ’ స్త్రీల కోసమే అంతర్జాలంలో ఒక పత్రిక నడపవచ్చని చూపించింది. తన పేరుతో ఏ సంపాదకుడికీ ఉత్తరం రాయడానికి జంకిన ఆడపిల్ల వంటింట్లో నిలబడి రాసి, పొయ్యి కట్టేసేలోపు పదిమంది చేత చదివించుకుంది. ఇది చిన్న విషయమేమీ కాదు.

కానీ ఆ నేల ఎవరిది? ఆర్కుట్ 2014లో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో. ఏళ్ళ తరబడి తెలుగువాళ్ళు కూడా వాదించుకున్న యాహూ గ్రూపులు 2020లో. నోటీసులిచ్చారు కదా అంటారు. ఇచ్చారు. ఏ తమ్ముడో తెరిచిపెట్టిన, పాస్‌వర్డ్ గుర్తులేని ఈమెయిల్‌కి వచ్చిన ఇంగ్లీషు నోటీసు ఆమెకి అందిందా? గౌలిగూడ వాళ్ళకి కూలడమంటే ఏమిటో తెలుసు. మా పాత బస్టాండు, 1930 నాటి రేకుల హ్యాంగరు, 2018 జూలై 5న నేలమట్టమైంది. బీటలు చూసి ముందే బస్సుల్నీ మనుషుల్నీ ఖాళీ చేయించారు కనుక ఎవరి ప్రాణమూ పోలేదు. సైట్లు కూలేటప్పుడు మన రాతల్ని బయటికి తెచ్చేవాళ్ళెవరు?

నష్టం అందరికీ ఒకటే కాదు. అచ్చు పుస్తకమున్న కవికి వెబ్‌సైట్ పోతే ఒక ఉత్సాహం పోతుంది. పుస్తకం వేసుకునే డబ్బూ, ఇంట్లో ఒప్పుదలా లేని ఆమెకి మొత్తం రచనే పోతుంది. భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూ సుందరి’లో కథ రాసింది. అయినా 1910 నాటి ‘దిద్దుబాటు’తోనే తెలుగు కథ మొదలైందని దశాబ్దాలపాటు పాఠాలు చెప్పుకున్నాం. ఎక్కడో పాత సంచికలు మిగిలాయి కాబట్టి ఆమెను తిరిగి తెచ్చుకోగలిగాం. ఫోన్‌లో రాసి, యాప్‌లో పెట్టి, యాప్‌తోపాటు మాయమైన అచ్చమాంబలను నూరేళ్ళ తర్వాత ఏ బీరువాలో వెతుకుతారు?

మూడేళ్ళ కిందట ముగ్గురు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చారు. రాసేవాళ్ళు, బొమ్మలేసేవాళ్ళు, పాడేవాళ్ళు... వర్ధమాన కళాకారులందరికీ ఒక సోషల్ నెట్‌వర్క్ కడుతున్నారట. సలహాసంఘంలో నా పేరు కావాలన్నారు. సంఘంలో అప్పటికే ఉన్నవాళ్ళందరూ మగవాళ్ళు. పిల్లలు మర్యాదస్తులే. నేను మూడు ప్రశ్నలడిగాను.

ఒకమ్మాయి బొమ్మ కింద ఎవడో బూతు రాస్తే ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

"రిపోర్ట్ బటన్ ఉంటుంది మేడమ్."

నొక్కితే అవతల చూసేదెవరు బాబూ, తెలుగు బూతులు తెలిసినవాళ్ళేనా?

"ముందు సిస్టమ్ చూస్తుంది మేడమ్."

వేరే పేరుతో రాసుకోవచ్చా?

"అసలు పేరు, ఫొటో, ఫోన్ నంబరు తప్పనిసరండీ. నమ్మకం కోసం."

రేపు మీరు మూసేస్తే?

"మూసెయ్యం మేడమ్, గ్రోత్ చాలా బావుంది."

ఏడాదిన్నర తిరక్కుండా మూసేశారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. కట్టేముందే ఆ ప్రశ్నలు తట్టకపోవడం వాళ్ళొక్కరి లోపం కాదు. ఇల్లు కట్టేవాడికి ఆ ఇంట్లో ఎవరు భయపడతారో తెలియకపోవడం పితృస్వామ్యంలో మామూలు సంగతే.

పేరు విషయం చూడండి. రచయిత్రుల నవలలు విపరీతంగా అమ్ముడవుతున్న రోజుల్లో కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అప్పుడది చమత్కారమైంది. ఇప్పుడు అత్తగారికీ, ఆఫీసుకీ, వెంటపడేవాడికీ తెలియకుండా ఒక స్త్రీ మారుపేరు పెట్టుకుంటే అది ‘ఫేక్ ఐడీ’ అయిపోతుంది! అసలు పేరు, అసలు ఫొటో పెట్టినవాళ్ళకి ఏమైందో కూడా చూశాం. 2021లో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ అని ముస్లిం స్త్రీల ఫొటోలను వాళ్ళ ఖాతాల నుంచే తీసి వేలానికి పెట్టినట్టు చూపించారు. ఆ జాబితాలో మన హైదరాబాద్ స్త్రీలూ ఉన్నారు. ఎక్కువగా గొంతు వినిపించినవాళ్ళనే ఎంచుకున్నారు. ‘నమ్మకం కోసం’ అడిగే ఫొటో ఎవరి నమ్మకం కోసమో ఇక వేరే చెప్పాలా?

చట్టం ఉంది కదా అంటారు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పదిమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలంటుంది. మరి వేలమంది సభ్యులున్న సాహిత్య గ్రూపులో? అక్కడ యజమాని లేడు, ఉద్యోగి లేదు, జీతం లేదు. ముందుమాట రాస్తానని, పుస్తకం వేయిస్తానని, అవార్డుకి పేరు చెబుతానని రాత్రి పదకొండింటికి ఇన్‌బాక్స్‌లోకి వచ్చే పెద్దమనిషి మాత్రం ఉన్నాడు. ఆయన మీద ఫిర్యాదు ఎవరికివ్వాలి? గ్రూపు అడ్మిన్‌కా? ఆయన స్నేహితుడికా?

కాబట్టి మనదే మనం కట్టుకోవాలి. సాధ్యమా అని అడిగేవాళ్ళకి ఒక ఉదాహరణ చెబుతాను. 2007లో అమెరికాలో ఫాన్‌లిబ్ అనే కంపెనీ అభిమానులు ఊరికే రాసుకునే కథలతో వ్యాపారం చెయ్యబోయింది. రాసేవాళ్ళు ఎక్కువమంది స్త్రీలు, నడిపేవాళ్ళు మగవాళ్ళు. ఆ స్త్రీలు అలిగి ఊరుకోలేదు. లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ తామే రాసుకుని, సర్వర్లు తామే కొని 2009లో ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ తెరిచారు. పేరులో వర్జీనియా వుల్ఫ్ సొంతగది వినిపిస్తుంది. ప్రకటనలు లేవు, నడిచేది విరాళాలతో, స్వచ్ఛంద సేవతో. ఫాన్‌లిబ్ 2008లోనే మూతపడింది. ఆ ఆర్కైవ్ 2019లో హ్యూగో అవార్డు అందుకుని ఇవాళ్టికీ నడుస్తోంది. మనకి అంత పెద్దది అక్కర్లేదు. చందాలతో పత్రికలు నడుపుకున్న అనుభవం మనకుంది. ఆ లెక్కల పుస్తకం ఇక్కడా పనికొస్తుంది.

ఆ ఇంటికి నేను కోరే నియమాలు కొద్దివే. సభ్యులే యజమానులు కావాలి. ఏడాది చందా కట్టిన ప్రతివాళ్ళకీ ఒక ఓటు ఉండాలి. మారుపేరు హక్కు కావాలి. ఫోన్ నంబరు, ఊరు ఎవరికీ కనబడకూడదు. ఫిర్యాదులు వినడానికి తెలుగు తెలిసిన స్త్రీల కమిటీ ఉండాలి. అందులో దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీలు, జిల్లాలవాళ్ళు ఉండాలి. ఎన్నిరోజుల్లో జవాబిస్తారో ముందే చెప్పాలి. రచన మీద హక్కు రాసినామెదే. ఎప్పుడడిగినా తన రాతలన్నీ మూటగట్టి ఇచ్చేయాలి. ఏడాదికోసారి ఒప్పుకున్నవాళ్ళ రచనలను కాగితం మీద అచ్చువేసి భాషానిలయంలో, కేంద్ర గ్రంథాలయంలో పెట్టాలి. లైకుల లెక్క కనబడకూడదు. దాని బదులు ప్రతి కొత్తామెకీ తన రాత జాగ్రత్తగా చదివి నిజం చెప్పే ఇద్దరు పాఠకులు దొరకాలి. ‘అద్భుతం మేడమ్’లతో ఎవరూ ఎదగరు.

మళ్ళీ ఆడవాళ్ళకి వేరే పెట్టెనా అని వెక్కిరింత వస్తుంది. రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఉన్నంత మాత్రాన మిగతా పెట్టెలన్నీ మగవాళ్ళకి రాసిచ్చినట్టు కాదు. ప్రయాణం ఆగకూడదని ఆ పెట్టె.

ఇంకో అభ్యంతరం నేనే చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉండవచ్చు. ఆ ఫోన్ ఆమెదేనా, రాత్రి ఎవరు తనిఖీ చేస్తారు అన్న ప్రశ్న పాతబడలేదు. అందుకని ఈ ఇంటికి తెరమీద ఒక తలుపుంటే, వీధిలో ఇంకో తలుపుండాలి. చేతిరాతతో పంపినా, ఫోన్‌లో చదివి వినిపించినా తీసుకుని ఎక్కించే మనుషులుండాలి.

ఆ మనుషులు ఎవరంటారా? ఈ పత్రిక చదివేవాళ్ళే. యూనివర్సిటీల్లో ఉన్న మనం ఆన్‌లైన్ స్త్రీవాదం మీద ఇంగ్లీషులో పత్రాలు సమర్పించి పాయింట్లు తెచ్చుకుంటున్నాం. ఏదో ఊరి పిల్ల రాసిన నాలుగు వాక్యాలు మన పత్రంలో స్క్రీన్‌షాట్ అవుతాయి. ఆమె ఖాతా మూతపడ్డాక ఆ నాలుగు వాక్యాలూ మన ఫుట్‌నోట్‌లోనే మిగులుతాయి, అదీ ఆమె చదవలేని భాషలో. ఇంతకంటే సౌకర్యమైన అన్యాయం ఉంటుందా? ఒక సెమినార్ భోజనాల ఖర్చుతో ఒక చిన్న సర్వరు ఏడాది నడుస్తుంది. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న ఆడపిల్లలు మన కాలేజీల్లోనే ఉన్నారు. తెలుగు ఎం.ఏ. పిల్లల పక్కన వాళ్ళని కూర్చోబెట్టాల్సింది మనమే.

చందా పుస్తకం ఎవరు తెరిస్తే వాళ్ళకి మొదటి రసీదు నా పేర రాయమంటున్నాను. రెండో రసీదు ఎవరిదో చెప్పండి.