ఏ ఆత్మకూరు?

తెలుగునాట కొన్ని పేర్లు ఒక్క ఊరితో తృప్తి చెందవు. ఆత్మకూరు అటువంటి పేరు. జూరాల ప్రాజెక్టుకు సమీపంలో, ఒకనాడు అమరచింత సంస్థానానికి రాజధానిగా కవిపండితుల రాకపోకలతో విలసిల్లిన ఆత్మకూరు నేడు వనపర్తి జిల్లాలోని పురపాలక పట్టణం. నల్లమల అంచున నంద్యాల జిల్లాలో మరొక ఆత్మకూరు ఉన్నది. నెల్లూరు జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఇంకొకటి ఉన్నాయి. సూర్యాపేట జిల్లాలో ఉన్నదానిని ఆత్మకూరు (ఎస్) అని, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నదానిని ఆత్మకూరు (ఎం) అని ప్రభుత్వ పత్రాలలో వ్రాస్తారు. ఈ ఏడూ మండలాల పేర్లు. అదే పేరుగల చిన్న గ్రామాలను ఇందులో లెక్కించలేదు.

ఇన్ని ఆత్మకూర్లలో ఉత్తరం ఏ ఆత్మకూరికి చేరాలో నిర్ణయించేది కవరు మీది నాలుగైదు పంక్తులు. పూర్వం ఆ పంక్తులను పంపేవారే స్వహస్తాలతో వ్రాసేవారు. నేడు బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, నియామక సంస్థలు, పాస్‌పోర్టు కార్యాలయాలు పంపే ఉత్తరాలపై ఆ పంక్తులను కంప్యూటరు ముద్రిస్తున్నది. ముద్రించడానికి ముందు చిరునామాను సరిచూసే సాఫ్ట్‌వేర్ ఒకటి పనిచేస్తుంది. దాని పని రెండు విధాలు. దరఖాస్తుదారుడు ఇచ్చిన చిరునామాను తపాలా శాఖవారి పట్టికతో పోల్చి, అటువంటి ఊరు, అటువంటి పిన్ కోడు ఉన్నాయా లేవా అని తేల్చడం మొదటిది. తేల్చిన చిరునామాను ఏ వరుసలో, ఎన్ని పంక్తులలో, ఏ లిపిలో, ఏ సంక్షిప్త రూపాలతో బయటికి ఇవ్వాలో నిర్ణయించడం రెండవది. ఈ రెండవ పనికి సంబంధించిన ఎంపికలను కార్యాలయాలలో అలంకారప్రాయంగా భావించడం పరిపాటి. అది సరికాదు. మొదటి పని ఎంత చక్కగా జరిగినా, రెండవ పనిలో జరిగిన అశ్రద్ధ దానిని నిష్ఫలం చేయగలదు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో చిరునామా సరైనదే; కవరు మీద మాత్రం అది సరైనది కాదు.

పిన్ కోడు ఉండగా ఇంత చింత ఎందుకని ఎవరైనా అడగవచ్చు. భారతదేశంలో పిన్ కోడు 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ ఉన్నతాధికారి మాత్రమే కాదు, సంస్కృతంలో రచనలు చేసిన పండితుడు కూడా. ఆరంకెలలో మొదటిది ప్రాంతాన్ని, రెండవది ఉపప్రాంతాన్ని, మూడవది సార్టింగు జిల్లాను, చివరి మూడు పోస్టాఫీసును తెలుపుతాయి. వనపర్తి ఆత్మకూరు పిన్ 509తో, హనుమకొండ ఆత్మకూరు పిన్ 506తో, అనంతపురానిది 515తో, నంద్యాలది 518తో, నెల్లూరుది 524తో మొదలవుతాయి. ఆత్మకూరు (ఎస్), ఆత్మకూరు (ఎం) రెండూ పూర్వపు నల్లగొండ జిల్లాలోనివి కనుక రెంటికీ 508. అంకెలన్నీ సరిగ్గా ఉన్నంతవరకు చిక్కు లేదు. ఒక్క అంకె తారుమారైనప్పుడు మాత్రం బట్వాడా సిబ్బందికి ఆధారం మిగిలేది మాటలే. అందుకే అంకెలున్నాయి కదా అని మాటలను కత్తిరించడం వివేకం అనిపించుకోదు.

మాటలలో తొలి చిక్కు జిల్లా పేరుతో వస్తున్నది. ఈ ఆత్మకూరు 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఆనాడు వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు కొత్త జిల్లాలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు అక్కడి ఆత్మకూరు కర్నూలు జిల్లాను వదిలింది. జిల్లాలు మారినా పిన్ కోడు మారలేదు. పదవ తరగతి ధ్రువపత్రంలో మహబూబ్‌నగర్ అని, ఆధార్ కార్డులో వనపర్తి అని ఉన్న విద్యార్థులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. వారిలో ఒకరు దరఖాస్తులో వనపర్తి అని వ్రాస్తే, పాత పట్టికను నమ్ముకొన్న సాఫ్ట్‌వేర్ దానిని దిద్ది మహబూబ్‌నగర్ అని ముద్రించవచ్చు. ఇక్కడ ఒక ఎంపిక ఉంటుంది: దరఖాస్తుదారుడు వ్రాసినదానిని ముద్రించాలా, పట్టికలో ఉన్నదానిని ముద్రించాలా అని. వ్రాసినదానిని చెరిపివేయకుండా దిద్దినదానిని దాని పక్కన భద్రపరచడమే ఉత్తమం. పట్టిక తప్పైనప్పుడు వెనుకకు మరలడానికి దారి ఉండాలి.

అంకెలను చూసి మాటలను ఊహించే సాఫ్ట్‌వేర్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 50తో మొదలయ్యే పిన్‌లు తెలంగాణవి అనే సూత్రం చాలావరకు నిజం. కాని భద్రాచలం సమీపంలోని కూనవరం, చింతూరు మొదలైన మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసేనాటికి అక్కడి పిన్‌లు 507తో మొదలయ్యేవి. సూత్రాన్ని నమ్మి రాష్ట్రం పేరును తానే నింపే సాఫ్ట్‌వేర్ ఆ మండలాలను తిరిగి గోదావరి దాటించి తెలంగాణలో కలిపివేస్తుంది. శాసనసభలు, పార్లమెంటు చేయవలసిన పనిని అది క్షణంలో చేస్తుందన్నమాట!

ప్రత్యేక చిహ్నాలను తొలగించు అనే ఎంపిక చూడడానికి నిరపాయకరమైనది. కామాలు, చుక్కలు, గీతలు, కుండలీకరణాలు తీసివేస్తే చిరునామా శుభ్రంగా ఉంటుందని దాని ఉద్దేశం. కాని ఆత్మకూరు (ఎస్), ఆత్మకూరు (ఎం) అనే పేర్లలో ప్రాణమంతా ఆ కుండలీకరణంలోనే ఉన్నది. దానిని లోపలి అక్షరంతో సహా తొలగిస్తే రెండు ఊళ్ళు ఒకటైపోతాయి. ఇంటి నెంబర్లదీ ఇదే దురవస్థ. తెలుగు ఊళ్ళలో ఇంటి నెంబర్లు అడ్డగీతలతో, ఏటవాలు గీతలతో నడుస్తాయి. గీతలు పోతే వార్డు సంఖ్య, ఇంటి సంఖ్య కలిసి మూడవ సంఖ్య ఏదో పుడుతుంది. చిరునామాల పట్టికను లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు 2-10 అనే ఇంటి నెంబరు గాంధీ జయంతిగా మారిన సందర్భాలు కార్యాలయాలలో పనిచేసేవారికి సుపరిచితమే. ఇంటి నెంబరును అంకెగానో తేదీగానో కాక కేవలం అక్షరసమూహంగా భావించమని ముందే చెప్పడం ఒక్కటే దీనికి మందు.

ఈ ఎంపికలలో చాలావరకు అమెరికా అవసరాల కోసం పుట్టినవి. ఆ దేశపు తపాలా శాఖ 1963లో జిప్ కోడును ప్రవేశపెట్టింది. చిరునామాను పెద్ద అక్షరాలలో, విరామ చిహ్నాలు లేకుండా, వీధి, అవెన్యూ వంటి మాటలను నిర్ణీత సంక్షిప్త రూపాలలో వ్రాయాలని అది సూచిస్తుంది. యంత్రం చదవడానికి అది అనువైనది. ఇంటి సంఖ్య, వీధి, నగరం, రాష్ట్రం, జిప్ అనే గళ్ళు ఆ దేశానికి సరిపోతాయి. ఆ గళ్ళనే యథాతథంగా ఇక్కడికి తెచ్చినప్పుడు గ్రామం, పోస్టు, మండలం, జిల్లా అనే నాలుగు మెట్లకు చోటు ఉండదు. డల్లాస్‌లో ఉన్న కుమారుడు ఆత్మకూరు సమీపంలోని పల్లెలో ఉన్న తల్లికి కానుక పంపదలచి అటువంటి ఫారాన్ని నింపేటప్పుడు మండలాన్ని ఎక్కడ వ్రాయాలో తోచక విడిచిపెడతాడు. విడిచిన ఆ ఒక్క మాటే ఏడు ఊళ్ళను వేరుచేసే మాట. ఇక సంక్షిప్త రూపాల సంగతి. తెలంగాణ వాహనాల నెంబరు పలకలపై టీఎస్ అనే గుర్తు 2024లో టీజీగా మారింది. రెండక్షరాల గుర్తు ప్రభుత్వ ఉత్తర్వుతో మారిపోవచ్చు, పూర్తి పేరు అంత సులభంగా మారదు. కనుక కవరు మీద రాష్ట్రం పేరు పూర్తిగా ముద్రించడమే మేలు.

వరుసక్రమం విషయం భాషాభ్యాసకులకు ఆసక్తికరమైనది. వనపర్తి జిల్లా, ఆత్మకూరు మండలం, ఫలానా గ్రామ కాపురస్తులు అని రిజిస్ట్రేషన్ దస్తావేజులలో వ్రాస్తారు. పెద్దదాని నుండి చిన్నదానికి దిగడం తెలుగు వాక్యానికి సహజం. విశేషణం ముందు, విశేష్యం తరువాత వచ్చే భాష ఇది. ప్రాచీన దానశాసనాలలోనూ నాడు లేదా విషయం పేరు ముందు చెప్పి, ఆపై గ్రామాన్ని పేర్కొని, తరువాత నాలుగు దిక్కుల హద్దులను వివరించే పద్ధతి కనిపిస్తుంది. నేటి దస్తావేజులలోని చెక్కుబంది దానికి వారసురాలే. జపాను వారు తమ లిపిలో చిరునామాను పెద్దదాని నుండే మొదలుపెడతారు. కవరు మీద మాత్రం మనిషి పేరు, ఇల్లు, ఊరు, జిల్లా అని చిన్నదాని నుండి పెద్దదానికి పోవడం ఆంగ్లేయుల నాటి తపాలా నుండి వచ్చిన అలవాటు. ఏది గొప్పది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చిరునామాలోని భాగాలను విడివిడిగా భద్రపరచిన సాఫ్ట్‌వేర్ కవరుకు ఒక వరుసను, దస్తావేజుకు మరొక వరుసను అవలీలగా ఇవ్వగలదు. అంతా కలిపి ఒకే గడిలో నింపిన చోట ఆ సౌలభ్యం ఉండదు.

లిపి విషయంలో అన్యాయం మరింత సూక్ష్మమైనది. ఛందస్సు చదివినవారు ఆత్మకూరు అనే మాటను నాలుగక్షరాలుగా లెక్కిస్తారు. యూనికోడ్ దానినే ఎనిమిది సంకేతాలుగా లెక్కిస్తుంది: ఆ, త, పొల్లు, మ, క, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కనుక మొత్తం ఇరవై నాలుగు. రోమన్ లిపిలో అదే పేరు ఏడెనిమిది బైట్లకు మించదు. ఊరి పేరుకు ఇరవై బైట్లు చాలునని నిర్ణయించిన చోట ఆత్మకూరు తన చివరి అక్షరాన్ని కోల్పోయి 'ఆత్మకూ' అని, దాని పక్కన ఒక ప్రశ్నార్థకంతో నిలబడుతుంది. పంక్తి పొడవును బైట్లలో కాక చదువరి కంటికి కనబడే అక్షరాలలో కొలిచే ఎంపిక ఉన్నప్పుడు దానినే స్వీకరించాలి. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదమే లేదు కనుక ఆ ఎంపికతో ఈ లిపికి నిమిత్తం లేదు. ఆధార్ కార్డు చిరునామాను ఆంగ్లంలోను ప్రాంతీయ భాషలోను ముద్రిస్తున్నది. రెండు లిపులు ఒక కాగితంపై ఇమడవనే వాదానికి అదే సమాధానం.

కొండగుర్తుల సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగియదు. పట్టికలో లేని మాట కనిపిస్తే సాఫ్ట్‌వేర్ దానిని పారవేయడానికి మొగ్గు చూపుతుంది. పాత బస్టాండు వెనుక, రామాలయం ఎదుట వంటి మాటలు అలా నశిస్తాయి. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘునికి తన ఇంటి జాడ చెప్పిన తీరును సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. అలకాపురిలో కుబేరుని భవనానికి ఉత్తరంగా, ఇంద్రధనుస్సు వంటి తోరణంతో దూరం నుండే కనబడే ఇల్లు. పెరటిలో తన భార్య పెంచిన చిన్న మందారవృక్షం. మరకతశిలల మెట్లు గల దిగుడుబావి. ద్వారం పక్కన చిత్రించిన శంఖపద్మాలు. యక్షుడు ఇంటి నెంబరు చెప్పలేదు. అయినా ఆ గుర్తులతో మేఘుడు ఆ ఇంటిని పోల్చుకోలేకపోడు. నెంబరు పలక లేని ఇళ్ళున్న పల్లెలో కొత్తగా వచ్చిన పోస్టుమానుకు అటువంటి ఒక్క మాట ఎంతో మేలు చేస్తుంది.

2025లో తపాలా శాఖ డిజిపిన్ అనే కొత్త విధానాన్ని ప్రకటించింది. ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం దాని రూపకల్పనలో పాలుపంచుకొన్నాయి. దేశాన్నంతటినీ సుమారు నాలుగు మీటర్ల పొడవు వెడల్పులు గల గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి అంకెలు, అక్షరాలు కలిసిన పది గుర్తుల సంకేతం ఇచ్చారు. ఏడు ఆత్మకూర్లను అది నిస్సందేహంగా వేరుచేస్తుంది. అయితే అది చోటును చెబుతుంది గాని మనిషిని చెప్పదు. ఒకే గడిపై నాలుగంతస్తుల మేడ ఉంటే ఏ అంతస్తో చెప్పదు. కనుక చిరునామాకు తోడుగా దానిని ఒక పంక్తిలో ముద్రించే ఎంపికను స్వాగతించాలి. చిరునామాకు మారుగా దానినే ముద్రించే ఎంపికను తొందరపడి స్వీకరించరాదు.

పొదుపు పేరుతో ఒక వాదం వినబడుతుంది. లేబుల్ చిన్నది, పంక్తులు మూడే, లక్షలాది ఉత్తరాలకు ఒక్కొక్క పంక్తి పెంచితే కాగితం ఖర్చు పెరుగుతుందని అంటారు. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని పాస్‌పోర్టు వంటి పత్రం స్పీడ్ పోస్టులో వస్తుంది, గ్రహీతకు మాత్రమే అందజేస్తారు, అందకపోతే పంపిన కార్యాలయానికే తిరిగిపోతుంది. నియామక పత్రం గడువు దాటిన తరువాత చేతికందితే ఆ ఉద్యోగార్థి కోల్పోయినది లేబుల్ ధరతో కొలవదగినది కాదు. తప్పు తనదని కూడా అతనికి అనిపించవచ్చు. అతడు వ్రాసి ఇచ్చిన దరఖాస్తులో మాత్రం మండలం, జిల్లా స్పష్టంగానే ఉంటాయి.

ఈ ఎంపికలను సాఫ్ట్‌వేర్ కొన్న రోజున ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ తరువాత సంవత్సరాల తరబడి వాటిని ఎవరూ తెరిచి చూడరు. జిల్లాల సరిహద్దులు మారిన ప్రతిసారీ వాటిని తిరిగి పరిశీలించే నియమం కార్యాలయాలలో ఉండాలి. పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఏడు ఆత్మకూర్లకు ఏడు చిరునామాలు తెలుగులో ఒకసారి, ఆంగ్లంలో ఒకసారి ముద్రించి, పిన్ కోడును వ్రేలితో కప్పి, ఏ ఉత్తరం ఏ ఊరిదో చెప్పమని ఒక అనుభవజ్ఞుడైన పోస్టుమానును అడిగితే చాలును.