మంత్రగత్తె చచ్చిందట!

2013 ఏప్రిల్ 8న మార్గరెట్ థాచర్ చనిపోయారు. లండన్ బ్రిక్స్‌టన్‌లో, గ్లాస్గో జార్జ్ స్క్వేర్‌లో జనం వీధుల్లోకొచ్చి ఆడిపాడారు. 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలో మంత్రగత్తె చచ్చిందని సంబరపడే పాట ఒకటుంది. దాన్ని పనిగట్టుకుని కొని, బ్రిటన్ పాటల జాబితాలో రెండో స్థానానికి ఎక్కించారు.

ఆ వార్త చదివి నేనూ నవ్వాను. దాచుకోవడమెందుకు? 1984-85 గని కార్మికుల సమ్మె ఓడిపోయి, గనులు మూతపడి, బతుకుతెరువు పోయిన ఊళ్ళ ముందు నిలబడి ‘పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదు’ అని ఎవరైనా ఎలా చెప్పగలరు? ఈ నీతి పెద్దవాళ్ళ చావులప్పుడే గుర్తొస్తుందెందుకో!

కానీ మంత్రగత్తె ఏమిటి? చేతబడి చేస్తోందన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళని కొట్టి చంపిన వార్తలు చదువుతూ పెరిగాను. సాహిత్యంలో పిహెచ్‌డి కూడా చేశాను. అయినా ఆ మాటకి నవ్వొచ్చింది నాకు! మగ నాయకుడు పోతే అతని పాలనని తిడతారు. స్త్రీ అయితే ముందు ఆడతనాన్ని తిడతారు.

రెండు రోజులకి పార్లమెంటులో గ్లెండా జాక్సన్ థాచర్ విధానాలని కడిగేశారు. అంతవరకూ నేను ఆమె పక్షమే. చివర్లో మాత్రం తన లెక్కలో థాచర్ స్త్రీయే కాదన్నారు. ఎందుకు కాదు? స్త్రీలు క్రూరంగా పాలించలేరనా?

సమ్మెకాలంలో ఉమ్మడి వంటశాలలు నడిపిన గని కార్మికుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆరోజు పండగ చేసుకుని ఉంటే నాకేం అభ్యంతరం లేదు. పాట మాత్రం మార్చమంటాను.